బోదెపై వేయు సిమెంటు పలక - అందలి యినుప ఊచ

గడచిన దాళ్వా మాసూళ్ల దినములలో మా గ్రామమునందు పంట బోదెపై వేసిన సిమెంటు పలక యొకటి, ధాన్యపు బస్తాల ట్రాక్టరు దాటుచుండగా నడుమకు విరిగెను. తోలువానికి ప్రాణగండము తప్పినది. బస్తాలు కొన్ని నీటిపాలయ్యెను. ఊరివారిలో కొందరు పలక నచ్చుపోసిన మేస్త్రీని నిందించిరి. కొందరు సిమెంటు కల్తీ యనిరి. ముక్కలను పైకి తీయించి చూడగా సిమెంటు మంచిదే, ఊచలును చాలినన్ని కలవు. కాని యవి యన్నియు పైభాగముననే యుండెను. బండినుండి దింపునప్పుడు పలక తలక్రిందులైనది. దాని నట్లే పరపించితిమి. మనుష్యులు, పశువులు నడచినంతకాల మది యోర్చుకొన్నది. ట్రాక్టరు బరువున కోర్వలేదు. దగ్గర నిలిచి యా పని చేయించినవాడను నేనే గావున, తోడి సభ్యులకు దీని సంగతి విన్నవించుట నా విధి యనుకొనుచున్నాను.

కాంక్రీటు నొక్కుడునకు రాతివలె నోర్చును. లాగుడునకు మాత్రము మిక్కిలి బలహీనము. నొక్కుడున కోర్చు బలములో సుమారు పదియవ వంతు మాత్రమే లాగుడున కోర్చును. ఆ లోపమును తీర్చుటకే యందు ఉక్కు ఊచల నుంతురు. బోదెపైనున్న పలకమీద బరువు పడినప్పుడు నడుమ క్రుంగును; క్రిందివైపు సాగును, పైవైపు నొక్కుకొనును. కావడిబద్దయందు ఇది తారుమారు. భుజము నడుమను, బరువులు కొనలందు నుండుటచే పైవైపు సాగును. ఏ వైపు సాగునో ఆ వైపున ఊచ యుండవలెను. కావున బోదె పలకకు ఊచలు అడుగుభాగమున నుండవలెను. గోడనుండి ముందునకు చొచ్చుకొని వచ్చిన చూరుపలకకు పైభాగమున నుండవలెను. కంచె స్తంభమునకు గాలి యేవైపునుండి వీచునో, గేదె యేవైపున రాచుకొనునో చెప్పలేము గనుక నాలుగు మూలలను ఊచలుంచి, కడియములతో బిగించి కట్టుదురు.

పలకను మోయుటలోను ఈ న్యాయమే వర్తించును. నడుమ త్రాడు కట్టి యెత్తినచో పలక కావడిబద్ద యగును. ఊచలేని పైవైపు బీటవారును. పది అడుగుల పలకకు రెండు కొనలనుండియు రెండేసి యడుగుల దూరమున త్రాళ్లు కట్టి యెత్తుట క్షేమము. బండిలో నుంచునప్పుడు అడుగున దుంగలను గూడ ఆ చోటులనే యుంచవలెను.

ఇనుమునకును సిమెంటునకును ఈ పొత్తు కుదిర్చినవారిలో ముఖ్యుడు మోనియే యను ఫ్రెంచి తోటమాలి. పూలతొట్లు పగులుచుండుటచే నాతడు వానిలో ఇనుపతీగల వలను పొదిగి, 1867లో దానికి హక్కుపత్రము పొందెను. ఎండకు ఉక్కును కాంక్రీటును ఇంచుమించు సమానముగా వ్యాకోచించుట మన యదృష్టము. లేనిచో మన మే నెల యెండలకే రెండును విడిపోయెడివి. 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టను కాటన్ దొర రాతితోను సున్నముతోను కట్టించెను. నాటి కీ విద్య లేదు. 1997లో రాజమహేంద్రవరము వద్ద రైళ్లకు తెరచిన విల్లువంపుల వంతెనలో, ఒక్కొక్కటి 97 మీటర్లకు మించిన 28 ఖానాలు కాంక్రీటువే. అందలి యుక్కును ముందుగా లాగి బిగించి, కాంక్రీటును ఎల్లప్పుడును నొక్కుడులో నుంచిరి. బండిచక్రమునకు ఇనుపపట్టాను కాల్చి తొడిగినచో, అది చల్లారి ముడుచుకొని ఆకులను బిగించునుగదా, ఇదియు నట్టిదే. మన యూళ్లలోని సిమెంటు కరెంటు స్తంభములును ఈ పద్ధతివే. కొందరు విరిగిన స్తంభములను బోదెలపై పరచుచున్నారు. పగులులో తీగ త్రుప్పుపట్టి కనబడినచో దానిపై బండి తోలరాదు.

ఇక మన డెల్టావారికి ముఖ్యమైన శత్రువు ఉప్పు. సిమెంటులోని క్షారగుణము ఊచను త్రుప్పుపట్టనీయదు. ఉప్పు చేరినచో ఆ రక్షణ పోవును. త్రుప్పు ఇనుముకంటె నెక్కువ చోటు నాక్రమించును గాన, లోపలినుండి ఉబ్బి పెచ్చు లూడదీయును. నరసాపురము, రాజోలు, అమలాపురము ప్రాంతములవారు పెచ్చులూడి ఊచలు బయటపడిన కప్పుల నెన్నింటినో చూచియుందురు. సముద్రపుటిసుకను దరికి రానీయరాదు. గోదావరి యిసుక కొరకు బండికూలి యెక్కువైనను వెనుదీయరాదు. కష్టమెక్కడనగా, బోదె పనులన్నియు వేసవిలో కాలువలు కట్టిన పిమ్మటనే సాగును. అప్పుడు మంచినీరు చిక్కదు. చెంతనున్న ఉప్పుబావి నీటితో కలిపి పోయుదురు; అదే నీటితో తడుపుదురు. కాలువ కట్టుటకు ముందే పలకలు పోసి, తడిపి సిద్ధము చేసికొన్నచో ఈ చిక్కు లేదు. అచ్చుపోసిన పలకలయందలి పెద్ద లాభ మిదియే యని నా యభిప్రాయము.

ఊచకు పైనుండు కాంక్రీటు దళసరి 2000 సంవత్సరపు 456వ భారతీయ ప్రమాణము ననుసరించి, తేమనేలలో 30 మిల్లీమీటర్లు, అనగా అంగుళముంబాతికకు లోపుగా నుండును. సముద్రతీరమున 45 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు ఒకటి ముప్పాతిక అంగుళము. కంకరరాయి పెట్టి ఊచ నెత్తుట మానవలెను, అది జారును. అదే దళసరిగల సిమెంటు బిళ్ళలను ముందుగా పోసికొని ఊచలక్రింద నుంచవలెను. పోసిన పిదప గోనెలు కప్పి, సాధారణ సిమెంటైనచో ఏడు దినములు, బూడిద కలిసిన సిమెంటైనచో పది దినములు తక్కువగాకుండ తడుపవలెను.

మా గ్రామమున మరల పోయించిన పలకపై, తడి యారకమునుపే మేకుతో "పైవైపు" అని పెద్ద యక్షరములతో గీయించితిమి. ఆ యక్షరములు ఆకాశమువైపు నున్నవో లేవో చూచినగాని మా కూలీలిప్పుడు త్రాడు వదలరు.