ఓడినవాడి కోపం కాలనీ అంతటికీ తగిలింది

విశాఖపట్నం మధురవాడలో ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం నా పని. మొదట్లో కేబుల్ టీవీ నడిపేవాణ్ణి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి స్తంభాలతో సహా తీగలన్నీ రోడ్డు మీద పడేశాక, మళ్లీ నిలదొక్కుకునే క్రమంలో మెల్లగా ఫైబర్‌లోకి దిగాను. మిథిలాపురి వుడా కాలనీ, చంద్రంపాలెం, కొమ్మాది, కార్‌షెడ్ జంక్షన్ వెనక వీధులు నా లైను నడిచే చోట్లు. ఇక్కడ ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా గేములాడే కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నాకొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాళ్లవే. "అంకుల్, పింగ్ ఎక్కువొస్తోంది, చూడండి" అంటారు.

మీట నొక్కిన సంగతి గేమ్ సర్వర్‌కి చేరి, అక్కణ్ణుంచి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. నలభై మిల్లీసెకన్లుంటే ఆట హాయిగా సాగుతుంది. మూడు వందలు దాటితే ఎదుటివాడు కనపడేలోపే మనం చచ్చిపోయి ఉంటాం. పెద్దవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు గానీ, నెలల తరబడి సాధన చేసి పోటీలో దిగిన పిల్లాడికి అదే ప్రాణం. ఆ ప్రాణం మీదే దెబ్బ కొట్టేవాళ్లున్నారు. ఆటలో ఓడిపోయి, ఆ ఉక్రోషంతో గెలిచినవాడి ఇంటర్నెట్‌ని పడగొట్టేవాళ్లు. ఆ దెబ్బ గెలిచినవాడితో ఆగదని నేను కళ్లారా చూశాను.

మా కాలనీలో ఇంటర్ చదివే కుర్రాడొకడు తండ్రిని ఒప్పించి నా దగ్గర స్టాటిక్ ఐపీ తీసుకున్నాడు. అంటే ఇంటర్నెట్‌లో ఎప్పటికీ మారని సొంత అడ్రసు. మామూలు కనెక్షన్లకి అలా ఉండదు. కొన్ని అడ్రసుల్ని వందల ఇళ్లకి కలిపి పంచుతాం కాబట్టి, బయటివాడికి ఫలానా ఇల్లని గురిపెట్టడం అంత తేలిక కాదు. ఈ అబ్బాయి తన కంప్యూటర్‌లోనే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టి స్నేహితుల్ని, వాళ్ల స్నేహితుల్ని ఆటకి పిలిచేవాడు. ఆడేవాళ్లందరికీ ఆ అడ్రసు తెలియాల్సిందే, తెలియకపోతే ఆటలోకి రాలేరు. ఒక శనివారం రాత్రి జట్లుగా విడిపోయి పోటీ పెట్టుకున్నారు. వేరే ఊరి జట్టొకటి ఓడిపోయింది. తర్వాత వాళ్లలో ఎవరో చాట్‌లో "ఇంకో ఐదు నిమిషాలు ఆడుకోండి, తర్వాత చూద్దాం" అని రాశారు. ఆ స్క్రీన్‌షాట్ ఆ కుర్రాడు తర్వాత నాకు చూపించాడు.

నేనప్పుడు ఆఫీసులోనే ఉన్నాను. నాకు పైనుంచి వచ్చే లైను ఒక గిగాబిట్. శనివారం రాత్రి సినిమాలు, మ్యాచ్‌లు అన్నీ కలిపినా అందులో ఆరేడు వందల మెగాబిట్లకి మించదు. ఆ రాత్రి గ్రాఫ్‌లో గీత నిట్టనిలువుగా లేచి గరిష్ఠానికి అంటుకుపోయింది. ఫోన్లు మొదలయ్యాయి. "ఏటి బాబూ, నెట్ ఆగిపోనాది" అని ఒకరు. రాత్రి షిఫ్టు ఇంటి నుంచే చేసే అమ్మాయి "అన్నా, క్లయింట్ కాల్ మధ్యలో పోయింది" అని ఏడుపు గొంతుతో. ఫోన్‌పే తీసుకోవట్లేదని జంక్షన్‌లో మెడికల్ షాపాయన. ఫైబర్ తెగితే ఇళ్లలో పెట్టెల మీద ఎర్రలైటు వెలుగుతుంది. అలాంటిదేమీ లేదు. అన్నీ పచ్చగానే ఉన్నాయి, కానీ ఒక్క పేజీ తెరుచుకోవడం లేదు. మాకు లైను ఇచ్చే పై కంపెనీ ఇంజినీరుకి ఫోన్ చేస్తే, "అన్నా, మీ ఒక్క ఐపీ మీదికే నాలుగు గిగాబిట్ల దాకా పడుతోంది" అన్నాడు. ఒకటి పట్టే గొట్టంలోకి నాలుగు తోస్తున్నారన్నమాట.

దీన్ని డీడాస్ దాడి అంటారు. పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు టికెట్ లేని వేలమంది గేటు మీద విరుచుకుపడితే టికెట్ ఉన్నవాడూ లోపలికి పోలేడు, పక్క వీధిలో ఇల్లున్నవాడూ ఇంటికి చేరలేడు. జరిగేది ఇదే. ఎవరూ దేన్నీ పగలగొట్టరు, పాస్‌వర్డ్ దొంగిలించరు. పనికిరాని డేటాతో దారిని నింపేస్తారు, అంతే.

ఆ డేటా రెండు రకాలుగా పుట్టుకొస్తుంది. మొదటిది బౌన్స్ దెబ్బ. ఇంటర్నెట్‌లో టైము చెప్పే సర్వర్లు, పేర్లకి అడ్రసులు చెప్పే సర్వర్లు లక్షల్లో ఉంటాయి. వాటిని ఎవరడిగినా జవాబిస్తాయి. దాడి చేసేవాడు మన అడ్రసుని దొంగ సంతకంలా పెట్టి చిన్న ప్రశ్న పంపుతాడు, పెద్ద జవాబు మన మీద వచ్చి పడుతుంది. సరిగా అమర్చని పాత టైము సర్వర్ ఒక వంతు ప్రశ్నకి ఐదొందల వంతులకి పైగా జవాబు కక్కగలదు. 2018 ఫిబ్రవరిలో గిట్‌హబ్ వెబ్‌సైట్ మీద జరిగిన 1.35 టెరాబిట్ల దాడి ఈ జాతిదే. ప్రశ్న మీద ఉండేది దొంగ అడ్రసు కాబట్టి అసలు మనిషిని పట్టుకోవడం కష్టం. రెండో రకం గురించి కాస్త కింద చెబుతాను, అది మన ఇళ్లకి సంబంధించింది.

ఆ రాత్రి నేను చేయగలిగింది ఒక్కటే. ఆ అడ్రసుకి వచ్చేదంతా మా దాకా రానివ్వకుండా పైనే పారేయమని ఇంజినీరుతో చెప్పాను. బ్లాక్‌హోల్ చేయడమంటారు. రెండు నిమిషాల్లో కాలనీకి నెట్ తిరిగి వచ్చింది. ఆ కుర్రాడి సర్వర్ మాత్రం ప్రపంచం నుంచి మాయమైపోయింది. దాడి చేసినవాడు కోరుకున్నది అదే. మిగతా ఆరేడు వందల ఇళ్లని కాపాడడానికి అతని పనిని నా చేత్తో నేనే పూర్తిచేయాల్సి వచ్చింది. పెద్ద కంపెనీల దగ్గర మంచి డేటాని, చెడ్డ డేటాని జల్లెడ పట్టే యంత్రాలుంటాయి. మాలాంటి చిన్న ఆపరేటర్ల దగ్గర అవి ఉండవు, కొనే స్తోమతా లేదు. తప్పేమీ చేయని పిల్లాడి కనెక్షన్ తీసేయడం ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే పని.

ఒక ఊరి కాలనీ ఏమిటి, ఒక దేశమే ఇలా ఆగిపోయింది. స్పెయిన్, ఫ్రాన్స్ మధ్య ఆండోరా అని ఉంది, జనాభా సుమారు ఎనభై వేలు. 2022 జనవరిలో లక్ష డాలర్ల బహుమతితో ఒక మైన్‌క్రాఫ్ట్ పోటీ జరిగింది. పేరున్న ఆటగాళ్లు చాలామంది ఆండోరాలో ఉండి ఆడుతున్నారు. పోటీ నడుస్తుండగా దేశంలో ఉన్న ఏకైక టెలికాం సంస్థ మీద దాడి జరిగింది. ఆటగాళ్లు పోటీ నుంచి బయటపడ్డారు, వాళ్లతో పాటు ఆ దేశంలో ఇంటర్నెట్ కూడా పడిపోయింది. 2024 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆట లీగ్‌కీ ఇదే గతి పట్టింది. మ్యాచ్ మధ్యలో పదే పదే ఆపాల్సి వచ్చి, కొన్నాళ్లు ప్రేక్షకులు లేకుండా రికార్డు చేసి ప్రసారం చేశారు.

ఇవన్నీ మహా మేధావుల పనులనుకుంటాం. నిజానికి చాలావరకు అద్దెకి దొరికే సరుకు. బూటర్, స్ట్రెసర్ అనే పేర్లతో అమ్ముతారు. 2018 ఏప్రిల్‌లో యూరప్ పోలీసులు మూయించిన వెబ్‌స్ట్రెసర్‌లో లక్షా ముప్పై ఆరు వేల మంది ఖాతాదారులు, నలభై లక్షల దాడులు తేలాయి. నెలకి 15 యూరోల నుంచే మొదలు. ఆ డబ్బుతో కొడుకు ఏం కొన్నాడో ఏ తండ్రికీ తెలియదు. కొన్న కొడుక్కీ తాను దేన్ని పడేస్తున్నాడో తెలియదు. అడ్రసు రాసి, సమయం ఎంచుకుని, మీట నొక్కుతాడు.

ఇక రెండో రకం. ఆ మధ్య పై కంపెనీ నుంచి నాకొక ఫిర్యాదు వచ్చింది. నా కస్టమర్ ఒకరి కనెక్షన్ నుంచి ఎక్కడికో దాడి డేటా పోతోందని. చూస్తే కొమ్మాదిలో ఒక షాపు. పెద్దాయన నడుపుతారు, ఆయనకి స్మార్ట్‌ఫోనే కొత్త. కౌంటర్ కింద, పాత బిల్లు పుస్తకాల వెనక, దుమ్ము పట్టిన సీసీ కెమెరా డీవీఆర్ పెట్టె. చెయ్యి పెడితే కాలుతోంది. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. కెమెరాలు బిగించినవాడు ఫోన్‌లో చూసుకోవడానికని దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టి వెళ్లిపోయాడు. అలా తెరిచి ఉన్న పెట్టెలోకి పురుగు, అంటే వైరస్‌లాంటి ప్రోగ్రాం, దూరి దాడి డేటా పంపుతోంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే పురుగు పోతుంది, పాస్‌వర్డ్ మార్చకపోతే నిమిషాల్లో మళ్లీ పడుతుంది. రెండూ చేశాను. "నా పెట్టె ఎవర్నో కొడతందా బాబూ?" అని ఆయన నమ్మలేనట్టు అడిగారు. కొత్త పాస్‌వర్డ్ పెట్టె మీద రాయమంటే వద్దని, ఖాతా పుస్తకం చివరి పేజీలో రాయించాను.

ఇలాంటి పెట్టెల్ని సైన్యంగా కూడగట్టే పురుగుల్లో పేరుమోసింది మిరాయ్. అది పుట్టిందీ ఆట గొడవల్లోనే. 2016లో అమెరికాలో పారస్ ఝా అనే కాలేజీ విద్యార్థి, జోసయా వైట్, డాల్టన్ నార్మన్ కలిసి తయారుచేశారు. అప్పట్లో మైన్‌క్రాఫ్ట్ సర్వర్లు నడపడం పెద్ద వ్యాపారం. పోటీ సర్వర్ పడిపోతే దాని ఆటగాళ్లు ఇవతలికి వస్తారు. ఝా, వైట్ దాడుల నుంచి కాపాడతామని చెప్పే కంపెనీ కూడా నడిపారు. మిరాయ్ దగ్గర కంపెనీలు ముందే పెట్టి పంపే అరవై పైచిలుకు పాస్‌వర్డ్ల జాబితా ఉండేది, మా కొమ్మాది పెట్టెలో ఉన్నటువంటివే. వాటిని ఒక్కొక్కటిగా ప్రయత్నించి లక్షల కెమెరాల్లోకి, రూటర్లలోకి దూరింది. ఆ సెప్టెంబరు చివర్లో దాని కోడ్‌ని బయటికి వదిలేశారు. అక్టోబరు 21న వేరేవాళ్లు ఆ జాతి పురుగుతో చేసిన దాడిలో వెబ్‌సైట్ల పేర్లకి అడ్రసులు చెప్పే డిన్ అనే కంపెనీ కుదేలై, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. నాలుగేళ్ల తర్వాత, 2020 డిసెంబరులో, దాడి జరిగినప్పటికి మైనరైన ఒక వ్యక్తి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అసలు గురి సోనీ ప్లేస్టేషన్ ఆటల నెట్‌వర్క్ మీదట. ఆటని ఆపబోయి సగం అమెరికాని ఆపారు.

ఝా కథలో ఇంకో ముక్క తల్లిదండ్రులు వినాలి. తను చదివే రట్గర్స్ యూనివర్సిటీ నెట్‌వర్క్‌నే అతను పదే పదే పడగొట్టాడు. ఆ కేసులో 2018 అక్టోబరులో 86 లక్షల డాలర్లు కట్టమని, ఆరు నెలలు ఇంట్లోనే నిర్బంధంలో ఉండమని కోర్టు చెప్పింది. మిరాయ్ కేసులో ముగ్గురికీ జైలు తప్పింది. దర్యాప్తు సంస్థకి సాయపడినందుకు ఐదేళ్ల ప్రొబేషన్, 2,500 గంటల సమాజసేవ వేశారు. అంత తెలివీ ముందే మంచి పనికి మళ్లి ఉంటే ఎంత బాగుండేదని నాకు ఈ కథ తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

మన దగ్గరా ఇది నేరమే. ఐటీ చట్టం సెక్షన్ 43 ప్రకారం హక్కున్నవాడికి కంప్యూటర్‌గానీ నెట్‌వర్క్‌గానీ అందకుండా చేయడం తప్పు. దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లయితే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకి వెళ్తారు. ఎవరి మీదైనా దాడి జరిగితే చాట్‌ని చెరపకండి. టైముతో సహా స్క్రీన్‌షాట్లు తీసి, మీ ఆపరేటర్‌ని ఆ సమయం తాలూకు గ్రాఫ్, లాగ్‌లు అడగండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మేం లాగ్‌లు 180 రోజులు దాచాలి, దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకి తెలియజేయాలి. ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వవచ్చు, నగరంలో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ కూడా ఉంది.

మా కాలనీ కుర్రాడి తండ్రికి అన్నీ ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన ఇంకా ఫిర్యాదు ఇవ్వలేదు. "అవతలివాడూ మనవాడి ఈడే అయ్యుంటాడండీ, వాడి చదువేమైపోతుంది" అంటారు. ఆయన మంచితనానికి దండం. అయినా ఇవ్వమనే అంటున్నాను. పదహారేళ్లప్పుడు ఒక పోలీసు ఇంటికొచ్చి తల్లిదండ్రుల ముందు కూర్చుని మాట్లాడితే చాలామంది అక్కడితో ఆగుతారు. ఎవరూ అడగకపోతే ఇంకా పెద్ద వాటికి చెయ్యి వేస్తారు.

బ్రిటన్‌లో ఇంకా సులువైన పని చేశారు. 2017 డిసెంబరు చివరి నుంచి ఆరు నెలలు, గూగుల్‌లో బూటర్ల కోసం వెతికే కుర్రాళ్లకి ఇది నేరమని చెప్పే ప్రకటనలు కనబడేలా అక్కడి నేషనల్ క్రైమ్ ఏజెన్సీ ఏర్పాటు చేసింది. కేంబ్రిడ్జి పరిశోధకులు లెక్కలు చూస్తే ఆ కాలంలో బ్రిటన్‌లో దాడుల పెరుగుదల ఆగిపోయింది, అమెరికాలో మాత్రం పెరుగుతూనే పోయింది. మన పోలీసు శాఖ ఇదే పని తెలుగులో చేయాలని నా కోరిక. నా వంతుగా మా కస్టమర్లు నెలనెలా రీచార్జ్ చేసుకునే పేజీలో, డబ్బు కట్టే మీటకి పైన, మూడు ముక్కలు పెట్టాను: ఇంకొకరి నెట్‌ని పడగొట్టడం నేరం, సెక్షన్ 66, మూడేళ్ల దాకా జైలు. వాటి కిందే డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చుకునే పద్ధతి కూడా రాశాను. భీమిలి నుంచి గాజువాక దాకా ఉన్న తోటి ఆపరేటర్లు ఈ ముక్కల్నే ఉన్నదున్నట్టు తీసుకుని తమ పేజీల్లో పెట్టుకోవాలని అడుగుతున్నాను.