అరువు పుస్తకము – దొంగ ప్రతి

దేవనహళ్ళిలో తెలుగు పుస్తకము దొరకుట కష్టము. అందువలన మన విద్యార్థులు కొందరు ఎవరో పంపిన నకళ్ళను ఫోనులలో చదువుచున్నారు. గ్రంథాలయ పుస్తకమును నూరుగురు ఉచితముగా చదువుట లేదా, ఇందు దోషమేమి అని వారు మమ్ము అడుగుదురు. ప్రశ్న మంచిదే.

గ్రంథాలయము పుస్తకమును వెల యిచ్చి కొన్నది. ఒకరు చదువుచుండగా మరియొకరు వేచియుండవలెను. అడుగువారు పెరిగినచో రెండవ ప్రతి, చిరిగినచో క్రొత్త ప్రతి కొనవలెను. దొంగ ప్రతి వేయిమందికి చేరినను రచయితకు కాసైనను ముట్టదు. ఆంగ్లగ్రంథము ఈ నష్టమున కోర్చుకొనునేమో! వేయి ప్రతులు అచ్చొత్తించి, అవి చెల్లుటకు ఏండ్లు కాచుకొను తెలుగు ప్రచురణకర్తకు నూరు ప్రతుల నష్టమైనను రెండవ ముద్రణకు అడ్డు వచ్చును.

నకళ్ళన్నియు చౌర్యములు కావు. 1957 నాటి కాపీరైటు చట్టము నేటి రూపమున, రచయిత గతించిన పిదప 60 సంవత్సరములకు హక్కు తీరును. 1919లో గతించిన వీరేశలింగముగారి రచనలను ఎవరైనను నకలు తీసికొనవచ్చును. 1983లో గతించిన శ్రీశ్రీ రచనలకు 2043 ముగియువరకు హక్కు కలదు.

మరి దొరకని పుస్తకము మాటేమి? కర్ణాటకమున 1965 నాటి గ్రంథాలయ చట్టము క్రింద ఆస్తిపన్నుతోబాటు గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. అందు తెలుగిండ్ల సొమ్మును ఉన్నది. అడుగుటకు మనకు సంకోచ మెందులకు? ఫోనులో చదివినవాడు గ్రంథాలయమున తెలుగు పాఠకుడుగా లెక్కకు రాడు. అరువు తీసికొన్నవాని పేరు, వాడు చదివిన తెలుగు పుస్తకము పేరు పద్దులో నిలుచును.