నీ ఊరి బంకును చూసి బండి కట్టు

"అన్నా, నూరు ఆక్టేన్ పెట్రోలు కొట్టిస్తే బండి ఉరుకుతదా?" షెడ్డు కాడ నన్ను మస్తుమంది తమ్ముళ్లు అడిగే మాట ఇది. సైలెన్సర్ మార్చినోడు అడుగుతడు, బోరు చేపించినోడు అడుగుతడు, ఊకె స్టిక్కర్లు అతికిచ్చినోడు గూడ అడుగుతడు. అందరికీ ఒక్కటే జవాబు పనికిరాదు. గందుకే జెర ఇడమరిచి చెప్తున్న.

ఆక్టేన్ అంటే పెట్రోలుకు ఉన్న బలం కాదు, ఓపిక. ప్లగ్గు నిప్పు పెట్టినంక మంట ఒక పక్కకెల్లి ఇంకో పక్కకు వరుసగ పాకాలె. ఒత్తిడి, వేడి మితిమీరితే మంట అందకముందే మిగిలిన పెట్రోలు దానంతటదే పేలుతది. దాన్నే నాకింగ్ అంటరు. గట్ల పేలకుండ పెట్రోలు ఎంత ఓర్చుకుంటదో చెప్పే అంకెనే ఆక్టేన్. నాకింగే లేని ఇంజన్ల నూరు ఆక్టేన్ పోస్తే కొత్తగ వచ్చేదేం లేదు, పైసలు పొగైతయి.

ఇగ మన బంకుల సంగతి. బీఎస్-6 మామూలు పెట్రోలు కనీసం 91 ఆక్టేన్. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20తోని అది 95కు చేరిందని కేంద్రం చెప్తున్నది. ఇథనాల్ ఓపిక ఎక్కువే, కానీ లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలుకంటె దాదాపు మూడోవంతు తక్కువ. అందుకే పాత కార్బరేటర్ బండ్లల్ల మిక్చర్ పల్చబడి ఇంజన్ ఎక్కువ వేడెక్కొచ్చు. జెట్టు సరిచూపించుకోవాలె. పైరకం పెట్రోలు రేటు వేరే. 2020 డిసెంబరుల ఎక్స్‌పీ100 వచ్చిననాడు ఢిల్లీల లీటరు 160 రూపాయలు.

మరి ఏ పని చేపిస్తే ఆక్టేన్ కావాలె? కంప్రెషన్ రేషియో పెరిగితేనో, టైమింగు ముందుకు జరిపితేనో. సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చినంత మాత్రాన అక్కర్లేదు. లెక్క చూడు. 97 సీసీ, 50 మిల్లీమీటర్ల బోరు, రేషియో 10 ఉన్న బండి అనుకో. పిస్టన్ పైకి పోయినప్పుడు మిగిలే జాగ దాదాపు 10.8 సీసీ. అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్ వేస్తే రేషియో 10.2 కాడ్నే ఆగుతది. అదే హెడ్డును అర మిల్లీమీటరు ఫేసింగ్ చేపిస్తే ఆ జాగల ఒక సీసీ పోయి, రేషియో 10.9కి ఎక్కుతది. పాత హెడ్డే ఉంచి 150 బండికి 180 బ్లాకు కూసోబెడితే, పిస్టన్ తల ఒక్కతీరుంటే, 9.5 ఉన్నది 11 దాటుతది.

"పల్సర్ ఎన్ఎస్200 కంపెనీ నుంచే 11తో వస్తది గదా" అంటవు. నిజమే, మామూలు పెట్రోలుతోనే నడుస్తది. కానీ దానికి నీళ్ల కూలింగు ఉన్నది, మూడు ప్లగ్గులున్నయి, టైమింగు లెక్కగట్టి పెట్టిండ్రు. గాలికి చల్లబడే పాత ఇంజన్‌ను లేతు మిషన్ మీద 11కు తెస్తే ఆ లెక్కంత ఎవలు కట్టాలె?

అసలు కష్టం ఊర్లె మొదలైతది. నూరు ఆక్టేన్ పట్నంల కొన్ని బంకులల్లనే దొరుకుతది. రాత్రి పెట్రోలు అయిపోతే మనకు కిరాణ దుకాణం సీసానే దిక్కు. అది ఎన్నడు తెచ్చిందో, అందుల ఏం కలిసిందో ఎవలకెరుక? ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాల గులకరాళ్లు వేసి ఊపినట్టు ఇంజన్ టకటకమంటే అది నాకింగ్. స్పీడుల పోయేటప్పుడు ఆ సప్పుడు గాలిల కలిసిపోతది, ఇనబడది. హెడ్ గాస్కెట్ కాలుతది, పిస్టన్ తలకు తూటు పడ్తది. ఉరికే బండిల పిస్టన్ పట్టేస్తే ఎనక చక్రం ఆగిపోతది. అప్పుడు పోయేది పైసలొక్కటే కాదు.

అందుకే రేషియో పెంచినోళ్లు ముందుగాల ఇవి చేపించుండ్రి: టైమింగు కొంచెం ఎనకకు, బ్లాకు కింద మందం గాస్కెట్, పిస్టన్ మీది బొగ్గు గీకుడు, ఇంజన్‌కు తగిన చల్ల ప్లగ్గు. అయినా టకటక ఆగకపోతే 95కో, అంతకు మించినదానికో పోవాలె. ఆ పెట్రోలు నీ తొవ్వల రోజూ దొరకకుంటే పని మొదలే పెట్టొద్దు. ట్యాంకుల కలరా ఉండలు వేసుడు, కిరోసిన్ కలుపుడు అసలే వద్దు. ఉండలు జెట్టుకు అడ్డం పడ్తయి, కిరోసిన్ ఆక్టేన్‌ను పడగొడ్తది.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన లెక్కకు భిన్నంగ బండిని ఇష్టమొచ్చినట్టు మార్చొద్దు. ఆర్సీల ఒక సీసీ, ఇంజన్ల ఇంకో సీసీ ఉంటే ప్రమాదం జరిగిననాడు ఇన్సూరెన్స్ పైసలకు పేచీ పడొచ్చు.

షెడ్డుకు పోయేముందు రెండు అంకెలు కాయితం మీద రాసుకో: పని అయినంక నీ ఇంజన్ రేషియో ఎంత, నీ ఊరి బంకుల పెట్రోలు ఆక్టేన్ ఎంత. మొదటి అంకె మెకానిక్ చెప్పలేకపోతే, హెడ్డు మీద చెయ్యి పెట్టనియ్యకు.