పాత టీవీ పదిలంగా ఊరు దాటాలంటే

ఒసాకాలో ఒక నూడుల్స్ హోటల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన సోనీ టీవీ సముద్రం దాటి అమెరికా చేరిన కథ 2024 డిసెంబరులో యూట్యూబ్‌లో లోకానికి తెలిసింది. 1989 నాటి ఆ సెట్ తెర 43 అంగుళాలు, బరువు దాదాపు 200 కిలోలు. హోటల్ భవనాన్ని కూల్చేసే సమయం దగ్గరపడుతుంటే దాన్ని జాగ్రత్తగా కిందికి దించి ఓడెక్కించారు. అమెరికాలో అది మళ్లీ బొమ్మ చూపించింది.

అన్ని పాత టీవీలకూ ఆ అదృష్టం లేదు. పిక్చర్ ట్యూబులో గాలి ఉండదు. బయటి గాలి మాత్రం ప్రతి చదరపు సెంటీమీటరునూ సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. 20 అంగుళాల తెర మీద ఆ భారం వెయ్యి కిలోలు దాటుతుంది. ముందువైపు గాజు మందంగా ఉంటుంది కాబట్టి ఓర్చుకుంటుంది. వెనకనున్న సన్నని మెడకు ఆ బలం లేదు. అక్కడ చిన్న బీట పడి గాలి దూరితే ట్యూబు పని అయిపోయినట్టే. 1954లో ఆర్‌సీఏ వెయ్యి డాలర్లకు అమ్మిన కలర్ టీవీ సీటీ-100లో ఆ ట్యూబు పోతే, డబ్బు పెట్టినా మరొకటి దొరకడం గగనం.

అందుకే చాలామంది సేకర్తలు చిన్న సెట్లను మందపాటి ఫోమ్ మీద తెర కిందికి ఉండేలా బోర్లిస్తారు. బరువంతా ఉండేది తెరవైపే మరి. ట్యూబును పట్టుకునే బిగింపులు నమ్మకంగా లేని 1940ల నాటి సెట్లలోనైతే ట్యూబును విప్పి వేరే పెట్టెలో పంపడమే మేలు. కరెంటు తీసేశాక కూడా ట్యూబులో అధిక వోల్టేజీ నిలిచి ఉంటుంది. కాబట్టి ట్యూబు విప్పడం తెలిసిన మెకానిక్కే ఆ పని చెయ్యాలి.

పెట్టె బయట ఎంత మెత్తన పెట్టినా లోపల కదులుతుంటే ఫలితం లేదు. ట్రాన్స్‌ఫార్మర్లున్న బరువైన చాసిస్ బోల్టు ఊడితే ట్యూబునే గుద్దుతుంది. వాల్వులు సాకెట్లలోంచి జారిపోతాయి. వాటిని తీసి, నంబరు రాసి, విడిగా చుట్టాలి. గుండ్రటి నాబులనూ ఊడదీయాలి. థర్మాకోల్ గుళికలు దారి కుదుపులకు ఒక పక్కకు సర్దుకుపోతాయి, సెట్ మెల్లగా అడుగుకు దిగుతుంది. గట్టి ఫోమ్ పలకలు, పెట్టెలో పెట్టె, కింద చెక్క ప్యాలెట్: ఇదే సరైన పద్ధతి. ప్యాలెట్ మీదున్న సరుకును ఎవరూ చేత్తో విసరలేరు, ఫోర్క్‌లిఫ్టే ఎత్తాలి. ‘జాగ్రత్త, గాజు’ అన్న స్టిక్కర్ కంటే ఆ నాలుగు చెక్కలే ఎక్కువ కాపాడతాయి.

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీలు ఒకప్పుడు ఎన్నో తెలుగు ఇళ్లలో ఉండేవి. అలాంటిది ఏ అటక మీదైనా మిగిలి ఉంటే, దూరాన ఉన్న పిల్లలకు పంపాలనుకుంటే, దాన్ని మామూలు పార్శిల్‌గా మాత్రం వెయ్యకండి. ముందు వెనక మూత విప్పించి, లోపలి బోల్టులు బిగించి ఉన్నాయో లేదో చూపించండి.