అడగకుండా లేచిన గోడ

సరిహద్దు గీత గీయడానికి పార్లమెంటు కావాల్సి వచ్చింది. ఆ గీత మీద గోడ కట్టడానికి ఒక్క ఆదివారం సరిపోయింది. చిత్తూరు, వేలూరు నడుమ 2020లో లేచి కూలిన గోడలు ఇప్పటికీ ఒక ప్రశ్న అడుగుతున్నాయి.

2020 ఏప్రిల్ 26. లాక్‌డౌన్‌తో దేశమంతా తలుపులు బిగించుకున్న రోజులు. పలమనేరు నుంచి గుడియాత్తం పోయే దారిలో, సైనగుంట దగ్గర, తమిళనాడులోని వేలూరు జిల్లా యంత్రాంగం తారురోడ్డుకు అడ్డంగా గోడ కట్టించింది. సిమెంటు ఇటుకలు పేర్చి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దారి మూసేసింది. చిత్తూరు నుంచి పొన్నై పోయే రోడ్డు మీద అలాంటిదే ఇంకొకటి లేచింది. ఆంధ్రా వైపు నుంచి కరోనా రాకుండా ఆపాలన్నది ఉద్దేశం.

చెక్‌పోస్టు దగ్గర అడ్డంగా ఒక కర్ర ఉంటుంది. దానికి ఒక కొసన బరువు, ఇంకో కొసన తాడు. అంబులెన్సు వస్తే కానిస్టేబుల్ తాడు వదులుతాడు, కర్ర లేస్తుంది. ఎవరు, ఎక్కడికి, ఎందుకు అని అడిగే మనిషి అక్కడుంటాడు. గోడ దగ్గర అడిగేవాళ్లుండరు. చెప్పుకోవడానికీ ఎవరూ ఉండరు.

వేలూరు మాకు పరాయిది కాదు

వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు పల్లెల్లో జబ్బు ముదిరితే పెద్దవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: "వేలూరికి తీసకపోండి." 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా, అంటే సీఎంసీగా ఎదిగింది. అక్కడ మన తెలుగు రోగులు లేని రోజుండదు. డాక్టరు రాసిచ్చిన చీటీలో తేదీ ఉంటుంది. ఆ తేదీకి చేరాలంటే రోడ్డు ఉండాలి.

టమోటాదీ అదే గొడవ. మదనపల్లె మార్కెట్‌లో క్రేట్లు లారీకెక్కాక కాయకు ఓపిక ఉండదు. ఎండలో ఒక పూట ఆగితే అడుగు క్రేట్లలో రసం కారుతుంది. అది రైతు పెట్టుబడి. సరకు రవాణాను అడ్డుకోవద్దని లాక్‌డౌన్‌లోనే కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు చెప్పింది కూడా.

గోడల మీద నిరసన రేగింది. ఒకట్రెండు రోజుల్లోనే గోడలు కూల్చేశారు. దాంతో వార్త ముగిసింది. ప్రశ్న మాత్రం ముగియలేదు.

గీత ఎలా పుట్టింది?

వాల్మీకిపురం, మదనపల్లె తాలూకాలు 1911 దాకా కడప జిల్లావి. పుంగనూరు, కుప్పం సీమలు ఉత్తర ఆర్కాటువి. ఆ ఏడాది చిత్తూరు జిల్లా పుట్టి అందరినీ ఒక గూటికి చేర్చింది. 2022 ఏప్రిల్ 4న వాల్మీకిపురం, మదనపల్లె కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. మనుషులు కదల్లేదు, గీతలే కదిలాయి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక తమిళ సరిహద్దు పెద్ద తగవైంది. తిరుత్తణి మాదంటే మాదని రెండు వైపులా ఉద్యమాలు నడిచాయి. మధ్యవర్తిగా వచ్చిన హెచ్.వి. పటాస్కర్ ఊరిని ప్రమాణంగా తీసుకున్నారు. ఊళ్లో ఎక్కువ మంది ఏ భాష మాట్లాడతారు, ఆ ఊరు ఏ వైపు ఆనుకుని ఉంది అన్నవి చూశారు. దాని మీదే పార్లమెంటు 1959లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. నొచ్చుకున్నవాళ్లు రెండు వైపులా ఉన్నారు. అయినా తమ మాట ఎవరూ అడగలేదని అనలేకపోయారు.

గోడ విషయంలో లోపించింది సరిగ్గా అదే. విపత్తు నిర్వహణ చట్టం, 2005 జిల్లా యంత్రాంగానికి రాకపోకలను నియంత్రించే అధికారం ఇచ్చింది. నియంత్రించడమంటే ఆపి, అడిగి, అవసరమున్నవాళ్లను పంపడం. అందరికీ ఒకేలా దారి మూసేయడం కాదు. దేశమంతటా తిరిగే హక్కును రాజ్యాంగం 19వ అధికరణలో, వ్యాపార స్వేచ్ఛను 301వ అధికరణలో రాసిపెట్టింది. ఆ హక్కులకు న్యాయమైన పరిమితులు ఉండొచ్చు. పరిమితికి కారణం చెప్పాలి, గడువు చెప్పాలి, అవతలి జిల్లాకు ముందుగా తెలియాలి.

దేశాల గోడలు

దేశాల మధ్య కూడా తేడా వచ్చేది ఈ అడగడం దగ్గరే. అమెరికా 2005లో చేసిన ఒక చట్టం, మెక్సికో సరిహద్దు కంచెకు అడ్డొచ్చిన ఏ చట్టాన్నైనా పక్కన పెట్టే అధికారాన్ని ఒక్క మంత్రి చేతికిచ్చింది. మరుసటి ఏడాది ఇంకో చట్టం దాదాపు 1,100 కిలోమీటర్ల కంచెకు అనుమతించింది. ఆ గోడ నిధుల తగవులోనే 2018 డిసెంబరు నుంచి 35 రోజులు అక్కడి ప్రభుత్వం పాక్షికంగా మూతపడింది.

మనమూ బంగ్లాదేశ్ సరిహద్దులో కంచె వేశాం. కానీ అక్కడి చిక్కుముడి విడింది 2015లో, రాజ్యాంగ వందో సవరణతో. ఒకరి భూమి మధ్యలో చిక్కుకున్న ఇంకొకరి ఊళ్లు చేతులు మారాయి. అక్కడి వాళ్లు ఏ దేశ పౌరులుగా ఉండాలో తామే ఎంచుకున్నారు.

అడ్డుగోడ కన్నా మాట్లాడుకోవడమే మేలన్న పాఠం కుప్పం, పలమనేరు రైతులకు ఏనుగులే నేర్పాయి. కౌండిన్య అడవి మూడు రాష్ట్రాల కొస. అటవీశాఖ కందకాలు తవ్వింది, సోలార్ కంచెలు వేసింది. ఏనుగులు కందకం గట్టును కాళ్లతో తోసి పూడ్చుకుని దాటాయి, కంచె స్తంభాలు కూల్చాయి. చివరికి 2025 మేలో అడవి ఏనుగులను మళ్లించడానికి తర్ఫీదు పొందిన కుంకీ ఏనుగులను కర్ణాటక మనకు అప్పగించింది. కందకంతో తీరని కష్టానికి పొరుగు రాష్ట్రంతో మాట్లాడుకోవడమే దారి చూపింది.

ఆరోగ్యవరం చెప్పే మాట

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయ అంటే సొంతవాళ్లే దూరం పెట్టిన కాలంలో, మందు లేని రోజుల్లో, 1915లో అక్కడ శానటోరియం మొదలైంది. ఇతర ప్రాంతాల రోగులు కూడా అక్కడికి వచ్చారు. అంటువ్యాధికి ఈ సీమ ఇచ్చిన జవాబు అది. రోగిని విడిగా ఉంచారు, దారి మాత్రం మూయలేదు.

రేపు ఇంకో వ్యాధి రావచ్చు, ఇంకో భయం రావచ్చు. అంతకు ముందే రాష్ట్రాల మధ్య ఒక కట్టుబాటు రాసుకోవాలి. సరిహద్దు రోడ్డు మూయాలంటే అవతలి కలెక్టరుతో ముందు మాట్లాడాలి, రాతపూర్వకంగా కారణం చెప్పాలి, అంబులెన్సుకూ సరకు లారీకీ దారి వదలాలి. పెద్ద చట్టం కూడా అక్కర్లేదు, ఒక పేజీ చాలు.

రోడ్డుకు అడ్డంగా ఏదైనా ఉండాల్సి వస్తే అది ఎత్తడానికి వీలున్న కర్ర కావాలి. దాని పక్కన తాడు పట్టుకుని, అడిగే మనిషి ఒకడు ఉండాలి.