విశాఖ నేవీకి తంజావూరు యుద్ధ విమానాలు కావాలంటే ఎవరిని అడగాలి? థియేటర్ కమాండ్‌ల ప్రణాళికపై వాయుసేన అభ్యంతరం ఏంటి?

బంగాళాఖాతంలో శత్రు నౌక కనిపించిందనుకుందాం. దాని సంగతి చూడాల్సింది విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే నేవీ తూర్పు కమాండ్. బ్రహ్మోస్ క్షిపణితో ఆ నౌకను కొట్టగల సుఖోయ్-30 యుద్ధ విమానాల స్క్వాడ్రన్ తమిళనాడులోని తంజావూరులో ఉంది. అయితే విశాఖలోని కమాండర్ నేరుగా ఆదేశిస్తే ఆ విమానాలు ఎగరవు. అవి తిరువనంతపురంలో ఉన్న వాయుసేన దక్షిణ కమాండ్ పరిధిలో ఉంటాయి.

ఇద్దరు కమాండర్లూ మాట్లాడుకుంటారు, కలిసి పనిచేస్తారు. కానీ ఇద్దరికీ ఒకేసారి ఆదేశం ఇవ్వగల ఉమ్మడి కమాండర్ మాత్రం అక్కడ లేరు. ఆ లోటును పూడ్చేందుకే ప్రభుత్వం థియేటర్ కమాండ్‌ల ప్రణాళికను ముందుకు తెచ్చింది.

ఇప్పుడు ఎన్ని కమాండ్‌లు ఉన్నాయి?

ఆర్మీకి 7, వాయుసేనకు 7, నేవీకి 3. మొత్తం 17. వీటి సరిహద్దులు ఒకదానితో ఒకటి కలవవు. ఉదాహరణకు లద్దాఖ్‌లో ఆర్మీ బాధ్యత ఉధంపుర్‌లోని ఉత్తర కమాండ్‌ది. అదే లద్దాఖ్ గగనతలాన్ని దిల్లీలోని వాయుసేన పశ్చిమ కమాండ్ చూస్తుంది. తూర్పు వైపు ఆర్మీ కమాండ్ కోల్‌కతాలో, వాయుసేన కమాండ్ షిల్లాంగ్‌లో, నేవీ కమాండ్ విశాఖలో ఉన్నాయి.

వీటికి తోడు త్రివిధ దళాలకూ ఉమ్మడిగా రెండు కమాండ్‌లు ఉన్నాయి. ఒకటి 2001లో ఏర్పాటైన అండమాన్ నికోబార్ కమాండ్. రెండోది అణ్వాయుధాల బాధ్యత చూసే స్ట్రాటజిక్ ఫోర్సెస్ కమాండ్. ఇది 2003లో వచ్చింది.

థియేటర్ కమాండ్ అంటే?

ఒక భౌగోళిక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, అక్కడి ఆర్మీ, నేవీ, వాయుసేన బలగాలన్నింటినీ ఒకే కమాండర్ కిందకు తేవడం. ఆ కమాండర్ ఏ దళానికి చెందినవారైనా కావచ్చు. అప్పుడు దళాధిపతుల పని ప్రధానంగా నియామకాలు, శిక్షణ, ఆయుధాలు సమకూర్చడం. యుద్ధం నడిపే బాధ్యత థియేటర్ కమాండర్‌ది.

అమెరికా 1986లో గోల్డ్‌వాటర్-నికోల్స్ చట్టంతో ఈ తరహా వ్యవస్థను బలోపేతం చేసుకుంది. చైనా 2016లో తన 7 సైనిక ప్రాంతాలను రద్దు చేసి 5 థియేటర్ కమాండ్‌లు ఏర్పాటు చేసింది.

భారత్‌లో చర్చలో ఉన్న ప్రణాళిక ప్రకారం మూడు కమాండ్‌లు రావాలి. చైనా సరిహద్దుకు ఒకటి, పాకిస్తాన్ సరిహద్దుకు ఒకటి, సముద్ర తీరానికి ఒకటి. మూడోది వస్తే విశాఖ, ముంబయి నౌకాదళాలు ఒకే కమాండర్ కిందకు వస్తాయి. ఆ కమాండర్‌కు కొన్ని వాయుసేన విమానాలు కూడా కేటాయించాల్సి ఉంటుంది.

ఇంత ఆలస్యం ఎందుకు?

1999 కార్గిల్ యుద్ధం తర్వాత కె.సుబ్రహ్మణ్యం నేతృత్వంలోని సమీక్ష కమిటీ దళాల మధ్య సమన్వయ లోపాలను ఎత్తిచూపింది. 2001లో మంత్రుల బృందం చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ (సీడీఎస్) పదవిని సిఫారసు చేసింది. ఆ పదవి భర్తీ అయ్యేసరికి దాదాపు 19 ఏళ్లు పట్టింది. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ తొలి సీడీఎస్‌గా బాధ్యతలు చేపట్టారు. థియేటర్ కమాండ్‌ల ఏర్పాటు బాధ్యతను ప్రభుత్వం ఆయనకే అప్పగించింది.

2021 డిసెంబర్ 8న కూనూర్ సమీపంలో జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. తర్వాత తొమ్మిది నెలలకు పైగా ఆ పదవి ఖాళీగా ఉంది. 2022 సెప్టెంబర్ 30న జనరల్ అనిల్ చౌహాన్ వచ్చారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సీడీఎస్ ప్రభుత్వానికి ముఖ్య సైనిక సలహాదారే. ముగ్గురు దళాధిపతులపై సైనిక కమాండ్ అధికారం ఆయనకు లేదు. అంటే ముగ్గురినీ ఒప్పించే ఈ పని పూర్తి చేయాలి.

వాయుసేన ఏమంటోంది?

అసలు పేచీ విమానాల సంఖ్య దగ్గరే ఉంది. వాయుసేనకు మంజూరైన యుద్ధ విమానాల స్క్వాడ్రన్‌లు 42. 2025 సెప్టెంబర్‌లో మిగ్-21లు రిటైరయ్యాక మిగిలినవి 29. ఒక్కో స్క్వాడ్రన్‌లో సాధారణంగా 16 నుంచి 18 విమానాలుంటాయి.

యుద్ధనౌకను ఒక సముద్రం నుంచి మరో సముద్రానికి తరలించాలంటే రోజులు పడుతుంది. యుద్ధ విమానం గంటల్లో దేశం ఒక మూల నుంచి మరో మూలకు వెళ్లగలదు. ఉన్న కొద్ది విమానాలను మూడు కమాండ్‌లకు పంచేస్తే, ఒకచోట యుద్ధం జరుగుతుంటే మరోచోట విమానాలు ఖాళీగా ఉండిపోవచ్చన్నది వాయుసేన వాదన.

2021 జులైలో జనరల్ రావత్ వాయుసేనను సహాయక విభాగంగా అభివర్ణించారు. అప్పటి వాయుసేనాధిపతి ఆర్‌కేఎస్ భదౌరియా దాన్ని అంగీకరించలేదు. 2025 ఆగస్టులో మవ్‌లో జరిగిన సదస్సులో వాయుసేనాధిపతి ఏపీ సింగ్ తొందరపడొద్దన్నారు. ముందు దిల్లీలో ఉమ్మడి ప్రణాళిక, సమన్వయ కేంద్రం పెట్టి చూద్దామన్నారు. అదే సదస్సులో నేవీ చీఫ్ దినేశ్ త్రిపాఠి థియేటర్ కమాండ్‌లకు మద్దతు పలికారు. భిన్నాభిప్రాయాలు ఉన్నాయని, దేశ ప్రయోజనం దృష్ట్యా వాటిని పరిష్కరిస్తామని జనరల్ చౌహాన్ చెప్పారు.

ఇప్పటికే ఏం మారింది?

ఉమ్మడి సంస్థలకు సంబంధించిన 2023 నాటి చట్టం 2024 మే 10న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఉమ్మడి కమాండ్‌లో పనిచేసే నేవీ ఉద్యోగిపై క్రమశిక్షణ చర్య తీసుకోవాలంటే అతణ్ని తిరిగి నేవీకి పంపాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ కమాండ్ అధిపతే చర్య తీసుకోవచ్చు. ముంబయి, గువాహటి, పోర్ట్ బ్లెయిర్‌లలో మూడు దళాలకూ ఉమ్మడి లాజిస్టిక్స్ కేంద్రాలు కూడా ఏర్పాటయ్యాయి.

జవాన్లు, కుటుంబాలపై ప్రభావం ఉంటుందా?

2023 చట్టం ఎవరి సర్వీసునూ మార్చలేదు. నేవీ ఉద్యోగికి 1957 నేవీ చట్టం, వాయుసేన ఉద్యోగికి 1950 వాయుసేన చట్టం మునుపటిలాగే వర్తిస్తాయి. మారేది, విధుల్లో ఎవరి ఆదేశం కింద పనిచేస్తారన్నదే. నేవీలో చేరినవారి పైఅధికారి ఆర్మీ జనరల్ కావచ్చు, వాయుసేన ఎయిర్ మార్షల్ కావచ్చు.

ఇక ఏం గమనించాలి?

ప్రధాన కార్యాలయం ఏ నగరానికి వస్తుందన్న దానిపైనే వార్తలు ఎక్కువగా వస్తుంటాయి. అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు రెండు. థియేటర్ కమాండర్‌కు శాశ్వతంగా ఎన్ని విమానాలు ఇస్తారు? రెండు సరిహద్దుల్లో ఒకేసారి అవసరం వస్తే, ఎవరికి ముందు ఇవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు? వీటికి స్పష్టమైన జవాబు లేకుండా కమాండ్‌లు పెడితే, తంజావూరు విమానాల కోసం విశాఖ కమాండర్ చేయాల్సిన ఫోన్ నంబర్ మారుతుందేమో కానీ, ఎదురుచూపు తప్పదు.