పాత ట్రాక్టర్ సైలెన్సర్ 'ఢాం' అంటోందా? ఇంజిన్ దించే ముందు ఇవి చూడండి

అద్దంకి: మిరప కోతలు, పత్తి తీతలు ముగిసే వేళకు అద్దంకి చుట్టుపక్కల పాత ట్రాక్టర్లకు పని రెట్టింపవుతుంది. కల్లం నుంచి టిక్కీలు మోయాలి, పత్తి కట్టె పీకిన చేలో దుక్కి దున్నాలి. సరిగ్గా అప్పుడే సైలెన్సర్ 'ఢాం' అని పేలితే రైతుకు గుండె గుభేలుమంటుంది. ఇంజిన్ పోయిందనుకుని నేరుగా దించేయిస్తారు. చాలాసార్లు అంత అవసరం ఉండదు.

అసలు ఈ పేలుడు ఏంటి?

పెట్రోల్ బండిలో ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడికే నాజిల్ చల్లిన డీజిల్ అంటుకుంటుంది. ఏదో ఒక సిలిండర్‌లో డీజిల్ సరిగా కాలకపోతే, మిగిలింది బయటికి పోయి వేడి సైలెన్సర్‌లో అంటుకుంటుంది. ఆ చప్పుడే మనకు వినిపించేది.

ముందు పొగ చూడాలి

నల్ల పొగ వస్తుంటే గాలి చాలడం లేదనో, డీజిల్ ఎక్కువ పడుతోందనో అర్థం. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ కాలడం లేదు, లేదా హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు లోపలికి వస్తున్నాయి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది.

ఖర్చు లేని పనులు మొదట

డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్లు, మడ్డి తీసేయాలి. తర్వాత ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు లేకుండా డీజిల్ వచ్చేదాకా చేతి పంపు కొట్టి గాలి తీయాలి. దుమ్ములో తిరిగే బండి కాబట్టి ఎయిర్ క్లీనర్ కడిగి కొత్త ఆయిల్ పోయాలి. గుర్తు దాటి పోస్తే ఆ ఆయిల్‌నే ఇంజిన్ లాగేసుకుంటుంది, జాగ్రత్త.

అప్పటికీ ఆగకపోతే మెకానిక్‌ను పిలవాలి. మాసీ 1035, స్వరాజ్ 735 లాంటి బండ్లలో మూడు సిలిండర్లుంటాయి. ఇంజిన్ నిదానంగా తిరుగుతుండగా మెకానిక్ ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేస్తాడు. శబ్దం తగ్గి ఇంజిన్ కుంటితే ఆ సిలిండర్ బాగున్నట్టే. ఏ తేడా రాకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. ఆ నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూస్తాడు. జబ్బు నాజిల్‌తో పాటు వెళితే, దాన్ని పంపు షాపులో పరీక్ష చేయించి బాగు చేయిస్తే సరిపోతుంది. అక్కడే ఉండిపోతే వాల్వు గానీ కంప్రెషన్ గానీ చూడాలి. ఆ పైపులో డీజిల్ ఒత్తిడి చర్మంలోకి దూసుకుపోయేంత ఉంటుంది. చెయ్యి, మొహం దగ్గర పెట్టకూడదు.

ట్యాపెట్ల సందు మరీ తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు. చప్పుడు సైలెన్సర్‌లో కాకుండా ఎయిర్ క్లీనర్ వైపు వస్తుంటే, గాలి వచ్చే వాల్వు మీదే మొదటి అనుమానం. సందును కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలతకు ఫీలర్ గేజితో సరిచేయాలి. డీజిల్ పంపు విప్పి బిగించిన తర్వాతే ఈ చప్పుడు మొదలైతే టైమింగ్ చూపించాలి. టైమింగ్ వెనకబడితే తెల్ల పొగ వస్తుంది, బండి లాగదు.

ఎందుకు వాయిదా వేయకూడదు?

కారే నాజిల్‌తో నడిపితే డీజిల్ కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. డిప్ స్టిక్ తీసినప్పుడు మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే బండి వెంటనే ఆపేయాలి. లేదంటే బేరింగులు అరిగి, నాజిల్‌తో పోయేది నిజంగానే ఇంజిన్ దాకా వస్తుంది.

అంతకన్నా పెద్ద భయం నిప్పు. సైలెన్సర్ పేలినప్పుడు నిప్పురవ్వలు ఎగిరే ప్రమాదముంది. ఎండిన మిరప కల్లం, పత్తి మండె, గడ్డివాము దగ్గర ఒక్క రవ్వ చాలు, ఏడాది కష్టం బూడిదవడానికి. చప్పుడు పోయేదాకా అలాంటి బండిని కల్లంలోకి తీసుకెళ్లకుండా, టిక్కీలను గట్టు దాకా మోయించి అక్కడ ఎక్కించుకోవడమే మేలు.